గాలి బాగున్న రోజులు

ఈ చలికాలం మొత్తంలో నాకు రెండుసార్లే ఆయాసం వచ్చింది. రెండుసార్లూ మాత్రతోనే తగ్గింది, ఇంజెక్షను దాకా పోలేదు. కుర్చీలో కూర్చుని ఇంతసేపు రాయగలుగుతున్నానంటే చెడ్డకాలం దాటినట్టే అనుకుంటున్నాను. దాటిందని గట్టిగా రాయడానికి మాత్రం ధైర్యం చాలదు. ఈ జబ్బు నాకు అన్నిటికన్నా ఎక్కువగా అంటగట్టింది అనుమానం. తిండిని అనుమానించాను, డాక్టరును అనుమానించాను, కట్టుకున్నవాణ్ణి అనుమానించాను. ఊపిరి అందక మంచంలో లేచి కూర్చునేవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు కనక, వాళ్ళకు పనికొస్తుందేమోనని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నా పేరు సత్యవతి. విశాఖపట్నం టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పైఊళ్ళ ఫోన్లు కలిపే ట్రంకు ఆపరేటరుగా పనిచేశాను. మాది ఎలమంచిలి దగ్గర పల్లె. మేనత్త కొడుకు సూర్యనారాయణనే చేసుకున్నాను. చిన్నప్పటినుంచీ "బావా" అనే పిలిచాను, పెళ్ళయ్యాకా అదే పిలుపు. బావ ఒక ప్రైవేటు ఆసిడ్ ఫ్యాక్టరీలో ఆపరేటరు. దాని పేరు రాయను. హార్బరుకి ఇవతల, ఎర్రమెట్ట కాలనీలో అద్దెకుండేవాళ్ళం. ఫ్యాక్టరీ గోడకీ మా పెరటికీ మధ్య ఒక రోడ్డు, ఒక మురుగుకాలవ. ఇంట్లో మేమిద్దరం, అత్త, మా అమ్మాయి మాధవి.

1981 చలికాలంలో మొదలైంది. పొద్దున్నే మంచు కింద ఒక వాసన దిగేది. అగ్గిపెట్టె పెట్టంతా ఒక్కసారి అంటించినట్టు ఘాటుగా ఉండేది. కాలనీలో దాన్ని "మందు వాసన" అనేవారు. తాడు మీద ఆరేసిన చీరలకు సూదిమొనంత కన్నాలు పడేవి. కరివేపాకు మొక్క ఆకుల అంచులు మాడిపోయేవి. ముందు నాకు దగ్గు వచ్చింది. దగ్గే కదా అనుకున్నాను. ఒకరోజు బస్సు దిగి ఎక్స్‌ఛేంజి దాకా నడుస్తుంటే దారి మధ్యలో కాళ్ళు ఆగిపోయాయి. పీల్చిన గాలి బయటికి రావడం లేదు. ఛాతీ నిండా గాలి ఉంది, కానీ అది నాకు పనికిరాని గాలి. ఒక కొట్టు అరుగు మీద కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు ఆనించి, ఈలలా కూస్తున్న నా గొంతు నేనే విన్నాను.

ఆపరేటరుకి గొంతే కదా ఉద్యోగం. రోజుకి ఎన్ని వందలసార్లు "నంబర్ ప్లీజ్" అనాలో లెక్కలేదు. మాట మధ్యలో తెగిపోతుంటే అవతలివాళ్ళు విసుక్కునేవారు. మా సూపర్వైజరు రాజ్యలక్ష్మి గారు కృష్ణా జిల్లా మనిషి. మాటకి కాస్త కఠినం. నా వెనక నిలబడి, "గొంతు సరిచేసుకోమ్మా, లైన్లో జనం ఉన్నారు" అనేది. నా మీద రిపోర్టు రాయడానికే నిలబడుతోందని అనుకునేదాన్ని.

ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో ఒక డాక్టరుండేవాడు. గొట్టం ఛాతీ మీద పెట్టీ పెట్టకుండానే తీసేసి, "మీవైపు ఎవరికైనా దగ్గు ఉందా?" అని అడిగాడు.

"మా నాన్నకి చలికాలంలో కొంచెం ఉండేదండి."

"అదీ సంగతి" అంటూ చీటీ మీద వంశపారంపర్యం అని రాసేశాడు. రెండు వారాల తరవాత డిస్పెన్సరీ బెంచీ మీద కూర్చున్నప్పుడు మా వరస ఇళ్ళ ఆడవాళ్ళ చీటీలు చూశాను. నలుగురి చీటీల మీదా అదే మాట. నలుగురి నాన్నలకీ దగ్గేనా అని నవ్వొచ్చింది. ఇంటికి వెళ్ళాక ఆ నవ్వు పోయి భయం మిగిలింది.

ఇంట్లో అత్తది ఇంకో అనుమానం. "వంకాయ మానీయే. సేపలు మానీయే. పెరుగు ముట్టకు" అని వరసగా ఒక్కొక్కటే తీసేసింది. అయినా ఆయాసం ఆగలేదు. వచ్చిన ప్రతిసారీ మంచం పక్కన నిలబడి, "నిన్న ఏటి తిన్నావే? నిజం సెప్పు" అని పోలీసులా అడిగేది. ఎక్స్‌ఛేంజి క్యాంటీన్లో దొంగతనంగా ఏదో తింటున్నానని ఆమె నమ్మకం. నిజంగానే తిన్నానేమో అని నా మీద నాకే అనుమానం వచ్చేది. కందిపప్పూ అన్నమూ తప్ప ఏమీ మిగలలేదు. మనిషిని సగమయ్యాను.

1982 ఎండాకాలంలో ఎవరో చెప్పగా సీతమ్మధారలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఇంటి ముందు గదే క్లినిక్, వరండాలో చెక్క బెంచీ. పెద్దావిడ. నేను తినడం మానేసినవన్నీ వరసపెట్టి చెబుతుంటే మధ్యలో ఆపింది.

"తిండి మానితే నీరసం తప్ప ఏం రాదు. అన్నీ తిను. ఒక క్యాలెండరు పెట్టుకో. ఆయాసం వచ్చిన రోజు ఒక గుర్తు పెట్టు, రాని రోజు ఒక గుర్తు పెట్టు."

"రాని రోజు కూడానా అమ్మా?"

"అదే ముఖ్యం. ఎందుకు రాలేదో తెలిస్తే ఎందుకు వస్తోందో తెలుస్తుంది."

వంటింటి తలుపు వెనక క్యాలెండరు తగిలించాను. ఆయాసానికి అడ్డగీత, లేకపోతే సున్నా. వానాకాలంలో సున్నాలు ఎక్కువ. వాన కడిగేస్తోంది అనుకున్నాను. చలికాలం వచ్చేసరికి అన్నీ అడ్డగీతలే. వాటి మధ్య ఎక్కడో ఒక సున్నా. ఆ రోజుల్లో వాన లేదు, గాలి మళ్ళలేదు, మందు మారలేదు. ఎందుకో అర్థం కాలేదు.

బట్టలు ఉతికేదాన్ని నేనే కనక ముందు చొక్కా పట్టించింది. సున్నా పెట్టిన రోజున బావ చొక్కా మీద చిన్న చిన్న తెల్ల మచ్చలు ఉండేవి. అడ్డగీత పెట్టిన రోజుల్లో ఆ మచ్చలుండేవి కావు. ఒకసారి అనుకున్నాను, రెండోసారి అనుకున్నాను. మూడోసారి క్యాలెండరు తలుపు మీదనుంచి తీసి పెట్టెలో దాచుకున్నాను. ఎవరి కంటా పడకూడదనిపించింది.

1983 మొదట్లో ఒక మధ్యాహ్నం హైదరాబాదు నుంచి అర్జెంటు కాలొచ్చింది, ఫ్యాక్టరీ మేనేజరు పేరు మీద. ఆ నంబరు నాకు కంఠస్థం. కలిపాను. ఇద్దరూ మాట్లాడుకుంటున్నారో లేదో చూడటానికి ఆపరేటరు ఒక్క క్షణం లైన్లోకి వెళ్ళాలి. అది డ్యూటీ. విన్నది బయట చెప్పకూడదు. అదీ డ్యూటీయే. ఆ ఒక్క క్షణంలో విన్నాను.

"రేపు చుట్టాలొస్తున్నారు. ఇల్లు సర్దుకోండి."

"ఎంతమంది సార్?"

"ఇద్దరు. పొద్దున్నే."

ఎవరింట్లోనో పెళ్ళిచూపులు కాబోలు అనుకున్నాను. మర్నాడు పొద్దున్న లేచేసరికి వాసన లేదు. ఛాతీలో ఈల లేదు. బస్‌స్టాపులో నిలబడితే ఫ్యాక్టరీ గేటు ముందు ప్రభుత్వం జీపు కనిపించింది. సాయంత్రం బావ చొక్కా మీద తెల్ల మచ్చలు. కొత్తగా గాలికి కూడా చట్టం వచ్చిందనీ, ఆఫీసర్లు వచ్చి పొగగొట్టాలు తనిఖీ చేస్తారనీ పేపర్లో చదివినట్టు గుర్తొచ్చింది. అయినా ఒక్కసారికే ఏం తేల్చగలం?

నాలుగు నెలల తరవాత మళ్ళీ అర్జెంటు కాల్. మళ్ళీ చుట్టాలు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి పెట్టెలోంచి క్యాలెండరు తీసి, మర్నాటి గడిలో పెన్సిలుతో సున్నా పెట్టాను. రేపు నాకు ఊపిరాడుతుందని ఈవేళే తెలిసిపోయింది. నా ఊపిరి ఎవరి చేతిలోనో ఉందని అర్థమైంది. మర్నాడు ఆ సున్నా మీద సిరా దిద్దాను.

ఆ వారమే బావకి అన్నం పెడుతూ అడిగాను.

"బావా, నీ చొక్కా మీద తెల్ల మచ్చలేటి?"

"సున్నప్నీళ్ళు. పొగగొట్టానికెల్లే గాలిని టవర్లో కడగడానికి వదుల్తాం."

"రోజూ వదుల్తారా?"

అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. "ఎందుకడుగుతన్నావ్?"

"రోజూ వదిలితే రోజూ మచ్చలుండాల కదా."

బావ మజ్జిగ గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

"ఆ నీళ్ళు వదిలే వాల్వు ఎవరు తిప్పుతారు?"

"షిఫ్టులో ఎవుడుంటే ఆడు."

"నువ్వు కూడానా?"

"నాను కూడా." తల ఎత్తలేదు. "తెరవమంటే తెరుత్తాను, కట్టీమంటే కట్టీత్తాను. పంపు నడిస్తే కరెంటు అయిపోతన్నాదంట, సున్నం అయిపోతన్నాదంట. నాను పర్మనెంటు అవ్వనేదు సత్యా. ఏటి సెయ్యమంతావ్?"

ఆయాసం వచ్చిన పొద్దుటిపూట ఉప్పు మూట వేడిచేసి నా వీపు కాచేది బావే. ఆ చేతులతోనే వెళ్ళి వాల్వు కట్టేస్తున్నాడు. ఆ రోజు నుంచి వీపు మీద చెయ్యి వేస్తే పక్కకి జరిగేదాన్ని.

అదే ఏడు కార్తీకంలో మాధవికి కూడా దగ్గు పట్టుకుంది. అత్త ఇంకేం అడగలేదు. పిల్ల బట్టలు మూటకట్టింది. "నాను దీన్నట్టుకుని ఊరెల్లిపోతన్నాను. నువ్వు ఉద్యోగం మానీసి రా. నేకపోతే ఇక్కడే ఉండి సావు" అంది. కోపంగానే అంది కాని, గుమ్మం దాటాక వెనక్కి తిరిగి ఏడ్చింది. నేను వెళ్ళలేదు. పర్మనెంటు ఉద్యోగం ఇంట్లో నాదొక్కదానిదే. అదీకాక, నేను వెళ్ళిపోతే ఆ క్యాలెండరు ఎవరు నింపుతారు అన్న మొండితనం కూడా ఉంది.

డిసెంబరులో పెద్ద దెబ్బ తగిలింది. తెల్లవారి మంచంలో లేచి కూర్చున్నాను, ఇక పడుకోలేకపోయాను. మాట రాదు. గోళ్ళు నీలం తిరిగాయి. బావ రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. ఓపీలో చీటీ కోసం వరస. నిలబడలేను, కూర్చోడానికి చోటు లేదు. చేపలబుట్ట పక్కన పెట్టుకుని కూర్చున్న ఒక మనిషి లేచి, నన్ను తన చోట్లో కూర్చోబెట్టి, నా వెనక నిలబడి మోకాలు నా వీపుకి ఆన్చింది. "ముందుకొంగో అమ్మా. ఎనక్కి వాలకు. నాను పట్టుకున్నాను కదా" అంటూ నా వంతు వచ్చేదాకా అలాగే నిలబడింది. ఆవిడెందుకు వచ్చిందో, ఆవిడ చీటీ ఏమైందో నేను అడగలేదు. అడిగే ఊపిరి లేదు.

లోపల కుర్ర డాక్టరు బావని అడిగాడు: "ఎక్కడుంటారు?"

"ఎర్రమెట్టండి."

డాక్టరు తలెత్తి బావ వైపు చూశాడు. కలం కాయితం మీదే ఉంది. కానీ ఆ కాలనీ పేరు రాయలేదు. అంత ఆయాసంలోనూ ఆ సంగతి నా కంట్లో పడింది. బావ నేల చూస్తున్నాడు.

వార్డులో పదకొండు రోజులున్నాను. మూడోరోజు నుంచి ఊపిరి మామూలుగా ఆడింది. పక్కమంచాల వాళ్ళు ఇంటికెప్పుడు పంపుతారని అడిగేవారు. నాకు ఇంటి మాట వింటేనే భయం వేసేది. బావ రోజూ క్యారియరు తెచ్చేవాడు. ఒకరోజు మూత తీస్తుంటే అడిగాను.

"ఇవాళ కట్టావా, తెరిసావా?"

చుట్టూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు: "నిన్న రెండు గంటలు తెరిసినాను. మొన్న కూడాను. ఎవులికీ సెప్పకండా."

నేను నమ్మలేదు. నా మొహం చూడలేక అబద్ధం ఆడుతున్నాడనుకున్నాను. అన్నం తినకుండా గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆ క్యారియరు అలాగే ఇంటికి వెళ్ళిపోయింది.

1984 ఫిబ్రవరిలో, నేను మళ్ళీ డ్యూటీలో చేరిన వారంలో, హైదరాబాదు ఆపరేటరు గొంతు వినిపించింది. "వైజాగ్, అర్జెంట్." అదే నంబరు, అదే మేనేజరు పేరు. ఫ్యాక్టరీకి రోజూ కాల్స్ వస్తాయి. అర్జెంటుగా మేనేజరుకే వచ్చేవి మాత్రం ఆ చుట్టాల కాల్సే. లైను కలిపే కార్డు తీగ నా చేతిలో ఉంది. అది వేరే సంగతైనా కావచ్చు. ఎవరైనా చావుబతుకుల్లో ఉండొచ్చు. అదీ అనుకున్నాను. ఇంకొకటి కూడా ఆలోచించాను: రేపు ఆఫీసర్లకి దొరికిపోయే పొద్దుటి షిఫ్టు ఎవరిది? బావది రెండో షిఫ్టు. పొద్దుట బంగారయ్య ఉంటాడు. బంగారయ్య బావకి స్నేహితుడు, మా వెనక వీధిలోనే ఉంటాడు. బావ కాదు కదా, చాలు అనుకున్నాను. బంగారయ్యకీ పెళ్ళాం పిల్లలున్నారని ఆ క్షణంలో నాకు తట్టలేదు. ఇది దాచిపెట్టి మిగతాది రాస్తే ఏం లాభం?

"హైదరాబాద్, ఆ నంబరు చెడిపోయింది" అన్నాను.

కార్డు గుచ్చనేలేదు. తిరిగి చూస్తే వెనక రాజ్యలక్ష్మి గారు నిలబడి ఉంది. విందో లేదో తెలియదు. పక్క బోర్డు వైపు వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి బావ ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆ వేళకి ఫ్యాక్టరీకి బయలుదేరాల్సిన మనిషి బయటినుంచి వస్తున్నాడేమిటో నాకు అర్థం కాలేదు. నాది ఆ రోజు పొద్దుటి డ్యూటీ, తెల్లవారకముందే వెళ్ళి అప్పుడే వచ్చాను.

"బంగారయ్య వాళ్ళమ్మకి బాలేదని ఎలమంచిలెళ్ళినాడు. ఆడి షిఫ్టు నానెక్కినాను" అన్నాడు. "ఆఫీసర్లొచ్చినారు. టవరు ఎండిపోయున్నాది. పరీచ్చకి పొగగొట్టంలో గాలి పట్టుకెళ్ళినారు. ఆలు లోపలుండగానే హైదరాబాద్నించి టెలిగ్రామొచ్చింది, చుట్టాలొత్తన్నారని." కాస్త ఆగి, "నన్ను పనిలోంచి ఆపీసినారు" అన్నాడు.

చెప్పేద్దామా అనుకున్నాను. లోపలికెళ్ళి కంచం పెట్టాను.

వారం తరవాత తెలిసింది, కంపెనీ జవాబు ఇచ్చిందని. టవరు రోజూ నడుస్తుంది, ఆ ఒక్కరోజు ఆపరేటరు మరిచిపోయాడు, అతనే ఒప్పుకుంటూ సంతకం పెట్టాడు అని. తనిఖీ ఆఫీసువాళ్ళు హెచ్చరిక కాయితం ఇచ్చి కేసు మూసేశారు. రెండు నెలలకి బావ ఉద్యోగం పూర్తిగా పోయింది.

"సంతకం ఎలా పెట్టావు?" అని అరిచాను. "రోజూ కట్టీమన్నది ఆలేనని సెప్పడానికి నీకు నోరు నేదా?"

"నేదు" అన్నాడు.

అంత పనిచేసి తెచ్చిన నిజాన్ని ఒక్క సంతకంతో పూడ్చేశాడని నా కోపం. వాళ్ళ దగ్గర ఏమైనా తీసుకున్నాడేమో అన్నంతదూరం వెళ్ళింది నా అనుమానం. ఎర్రమెట్ట వదిలి సీతమ్మధారలో, డాక్టరమ్మ క్లినిక్కి దగ్గర్లో ఒక గది తీసుకున్నాం. బావ స్టీలు ప్లాంటు కట్టుబడిలో కంట్రాక్టరు కింద చేరాడు. అత్త మాధవిని తీసుకొచ్చింది. నా క్యాలెండర్లో అడ్డగీతలు నెమ్మదిగా తగ్గాయి. ఊపిరి తిరిగొచ్చింది కాని ఇంట్లో మాట తిరిగి రాలేదు. ఆ డిసెంబరులో భోపాల్ గ్యాసు వార్త పేపర్లో వచ్చినప్పుడు ఇద్దరం ఒకే పేపరు ఒకరి తరవాత ఒకరం చదివాం. బావ పేపరు మడిచి పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. చాలాసేపు రాలేదు.

1986లో ఒక సాయంత్రం క్లినిక్ వరండాలో బెంచీ మీద బంగారయ్య కనిపించాడు. పక్కన అతని భార్య పైడమ్మ. ముందుకు వంగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని కూర్చుంది. ఆ కూర్చోవడం చూడగానే నాకు తెలిసిపోయింది.

"ఎప్పట్నించి?" అని అడిగాను.

"రెండు సలికాలాలు, అక్కా" అన్నాడు బంగారయ్య. "సూరిబావ ఎలగున్నాడు?"

"ఉన్నాడు. సంతకం పెట్టి సుఖంగా ఉన్నాడు" అన్నాను. ఆ విషం నా నోట్లో అప్పటికీ ఉంది.

బంగారయ్య నా వైపు వింతగా చూశాడు. "నీకు తెలీదేటి?"

"ఏటి తెలీదు?"

"నాను ఊర్నించొచ్చినాక మేనేజరు మా ఇద్దర్నీ పిలిసినాడు. ఫోను బాగానే ఉన్నాది, సెడిపోయిందని ఎవులు సెప్పినారు, మీ ఆవిడ ఎక్స్‌ఛేంజిలోనే కదా అన్నాడు. మీ ఆవిడ మీద పైకి రాత్తాం, ఉద్యోగం పోద్ది, జైలు కూడాను అన్నాడు. మరిసిపోనానని సంతకం పెడితే ఇక్కడితో సరి. సూరిబావ ఆ కాయితం సదవనైనా సదవనేదు అక్కా. పెన్ను తీసుకుని పెట్టీసినాడు."

బంగారయ్య పైడమ్మ వీపు నిమురుతూ మళ్ళీ అందుకున్నాడు.

"అంతకు ముందే ఆడికో మెమో ఉన్నాది. నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఎవులికీ సెప్పకండా వాల్వు తెరిసీసేవాడు. పట్టుకున్నారు."

పైడమ్మని లోపలికి పిలిచారు. నేను ఆ బెంచీ మీదే కూర్చుండిపోయాను. డాక్టరమ్మ కాంపౌండరు వచ్చి, "ఆయాసంగా ఉందా అమ్మా?" అని నీళ్ళిచ్చాడు. ఆయాసం కాదు. ఆసుపత్రి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న నేనూ, తినని అన్నం తిరిగి పట్టుకెళ్ళిన బావా కళ్ళముందు మెదిలాం.

ఇంటికెళ్ళేసరికి బావ కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"నాకెందుకు సెప్పనేదు?" అన్నాను.

దేని గురించో అడగలేదు. బంగారయ్య కనిపించాడని అర్థమైనట్టుంది. "సెప్తే నువ్వు ఊరుకుంతావేటి? ఎల్లి ఒప్పీసుకుంతావు."

"ఇప్పుడు ఒప్పుకుంతాను."

"ఉద్యోగం పోద్ది సత్యా."

"పైడమ్మకి కూడా వచ్చింది బావా. రెండు సలికాలాల్నించి."

చెంబు కింద పెట్టి మెట్టు మీద కూర్చున్నాడు. తరవాత లేచి, "ఐతే రాయి" అన్నాడు. "నాను సెప్పింది కూడా రాయి. ఏ రోజు కట్టమన్నారో, ఎవులు కట్టమన్నారో అన్నీ సెప్తాను."

ఫిర్యాదు నాలుగు కాయితాలయింది. నా తప్పు ముందు రాశాను. బావ సంతకం పెట్టే ముందు మొత్తం చదివి వినిపించమన్నాడు. మధ్యలో రెండుసార్లు ఊపిరికోసం ఆగాను. తొందరపెట్టలేదు.

క్యాలెండర్లన్నీ తీసుకుని ఇద్దరం కలిసి తనిఖీ ఆఫీసుకి వెళ్ళాం. గుమాస్తా చూసి, "ఇది పాత కేసండి, మూసేశారు" అని కాయితాలు తిరిగి ఇవ్వబోయాడు. ముద్ర వేసి తీసుకున్నట్టు రాసిస్తే తప్ప కదలనన్నాను. గొడవ విని లోపల్నుంచి ఆఫీసరు వచ్చాడు. కొత్తాయన. కాయితాలు చదివి, "ఆ క్యాలెండర్లు నా దగ్గర ఉంచుతారా?" అని మర్యాదగానే అడిగాడు.

"ఉంచనండి. మీరు ఇక్కడే నకలు రాసుకోండి. నేను కూర్చుంటాను" అన్నాను.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. గుమాస్తాని పిలిచి రాయమన్నాడు. మధ్యాహ్నం అంతా గుమాస్తా అడ్డగీతలూ సున్నాలూ దించుకుంటుంటే నేనూ బావా ఎదురుగా కూర్చుని ఒక్కొక్క నెలా సరిచూశాం.

నెలన్నర తరవాత బంగారయ్య వచ్చి చెప్పాడు. ఆఫీసర్లు జీపు లేకుండా, కాలనీ వైపునుంచి నడిచి, వెనక గేటులోంచి వచ్చారట. ఆ రోజు ఏ చుట్టాల కబురూ రాలేదు. ఫ్యాక్టరీ కొన్నాళ్ళు మూతపడింది. తెరిచినప్పుడు పంపుకి సీలువేసిన మీటరు బిగించారు. ఇప్పుడు టవరు రోజూ నడుస్తోందని బంగారయ్య అంటాడు. నేను బంగారయ్యని అడగడం మానేశాను. పైడమ్మనే అడుగుతాను, పొద్దున్న లేచేసరికి ఎలా ఉందని. ఇప్పటికైతే బాగానే ఉందంటుంది. ఎంతకాలమో ఎవరికి తెలుసు?

నామీద డిపార్టుమెంటు విచారణ జరిగింది. రాజ్యలక్ష్మి గారు అప్పటికి రిటైరవబోతోంది. నన్ను పక్కకి పిలిచి, "ఆ రోజు నీ వెనకే ఉన్నానమ్మా. కార్డు గుచ్చకుండానే చెడిపోయిందన్నావు. విన్నాను" అంది.

"మరి రాయలేదేమండి?"

"ఆ వారమే జబ్బు సెలవు ముగించుకుని వచ్చావు. కారణం లేకుండా అబద్ధం చెప్పే మనిషివి కావనిపించింది." ఆవిడ నా వెనక నిలబడ్డ రోజులన్నీ నేను వేరేలా అర్థం చేసుకున్నానని అప్పుడు తెలిసింది.

నా మీద మోపిన తప్పు నిజమేనని ఒప్పుకున్నాను. ఉద్యోగం తీసెయ్యలేదు. ఇంక్రిమెంటు ఆపి, ట్రంకు బోర్డు మీదనుంచి తప్పించి రికార్డుల గదిలో వేశారు. ఆ మెమో తెచ్చి బావ చేతికిచ్చాను. లైటు కిందకి తీసుకెళ్ళి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చివరిదాకా చదివాడు.

"నాకు రెండు మెమోలొచ్చినాయి. నీకొకటే" అన్నాడు. "ఇంకా నాదే పైసెయ్యి."

మూడేళ్ళలో మొదటిసారి ఇంట్లో నవ్వాం. అత్త వంటింట్లోంచి ఏమయిందో అని తొంగిచూసింది. నవ్వీ నవ్వీ నాకు దగ్గొచ్చింది. బావ నవ్వడం ఆపేసి నా వీపు మీద చెయ్యి వేశాడు. నేను పక్కకి జరగలేదు. ముందుకు వంగి, ఛాతీలో ఈల మొదలవుతుందేమోనని ఇద్దరం ఊపిరి బిగబట్టి విన్నాం.

మొదలవలేదు.